వాసన వస్తేనే

గ్యాసు ఊరికే కట్టెయ్యకూడదట, వాసన వస్తేనే, లేదా బుస్సుమని చప్పుడు వినిపిస్తేనే, ఎందుకంటే ఒకసారి కట్టేశాక మళ్లీ తెరవడం మన పని కాదు, గ్యాసు కంపెనీ మనిషి వచ్చి అంతా చూశాకే తెరవాలి, అని భూకంపం వచ్చాక అగ్నిమాపక దళం ఆవిడ వీధిలో అందర్నీ పోగుచేసి చెప్పింది, అందరితోపాటు తనూ తలూపింది, వాసన వస్తేనే అన్నచోట మాత్రం చూపు పక్కకు తిప్పుకుంది, మొన్నటి చలికాలపు జ్వరంతో పోయిన వాసన ఇంకా తిరిగి రాలేదని తనకు తప్ప ఎవరికి తెలుసు, లారీ తోలుకుంటూ వారానికోసారి ఇంటికొచ్చే భర్తకు చెప్పలేదు, తను పనిచేసే బేకరీ యజమానికి అసలే చెప్పలేదు, నీ ముక్కు బంగారమమ్మా, బ్రెడ్డు ఎప్పుడు దించాలో దానికి తెలుసు అని నలుగురిలో పొగిడే మనిషికి ఆ బంగారం ఇప్పుడు ఇత్తడైందని ఎలా చెప్పడం, రంగు చూసి, గడియారం చూసి, పైన వేలితో తట్టి ఎలాగోలా నెట్టుకొస్తోంది, నెట్టుకొచ్చినన్నాళ్లు వస్తుంది.

గ్యాసు వాల్వు తిప్పడానికి పానా పెద్దదే కొన్నది, పిడి పొడవుగా ఉంటే అత్తయ్య కీళ్లనొప్పుల చేతులకు కూడా పట్టు దొరుకుతుందని, పగలంతా తను బేకరీలో ఉంటే ఇంట్లో ఉండేది ఆవిడే కదా, పోయిన వారం భూమి కదిలినప్పుడు గిన్నెలన్నీ గలగలలాడి దీపం ఊగుతుంటే తను గది మధ్య గుంజలా నిలబడిపోయింది, ఆవిడే బల్ల కిందికి దూరి, ఏమే, నిలబడి దాన్ని ఆపుతావా ఏంటి, ఇటు రా అని చీర కొంగు పట్టుకుని లాగింది, ఆ తర్వాత ఇద్దరూ బల్ల కింద మోకాళ్లు తగిలేలా కూర్చుని ఎందుకో పగలబడి నవ్వారు, భయానికి నవ్వొస్తుందని తనకు అప్పుడే తెలిసింది.

ముందు కరెంటు, చూడండత్తయ్యా, చిన్న స్విచ్‌లన్నీ ఒక్కొక్కటే దించి చివర్న ఈ పెద్దది దించాలి, నేల తడిగా ఉంటే మాత్రం దీని దగ్గరికే రాకూడదు, సరేనమ్మా, తర్వాత నీళ్లు, గేటు పక్కన ఇనుప మూత కింద వాల్వు, వీధి గొట్టాలు పగిలితే ఆ మురికి మన ట్యాంకులోకి రాకుండా వెంటనే కట్టెయ్యాలి, మూత ఎత్తితే సాలీళ్లు, తుప్పు, చక్రం మొరాయించింది, అత్తయ్య రెండు చేతులూ వేసి పళ్లబిగువున తిప్పింది, తిరిగింది, ఆవిడ మొహం వెలిగిపోయింది, ఈ ఇంటికి కాపురానికొచ్చి తలపండింది, నీళ్లు ఎక్కడ కడతారో ఒక్కళ్లూ చెప్పలేదే అమ్మాయీ అంది, మామగారు చూసుకునేవారు, తర్వాత కొడుకు చూసుకున్నాడు, చూసుకునేవాళ్లు ఇంట్లో లేని పూట భూమి కదలదని ఎవరు రాసిచ్చారు.

ఇక గ్యాసు, వంటగదిలో పొయ్యి గట్టు కింద అలమరలో, మీటరు పక్కనే, అత్తయ్యకు స్టూలు వేసి కూర్చోబెట్టి తను మోకాళ్ల మీద వంగింది, పొద్దుట అత్తయ్య ఎక్కడో గుడ్డు కుళ్లినట్టుంది చూడవే అంటే ఫ్రిజ్జంతా గాలించింది, ఏమీ లేదు, పెద్దవాళ్లకు ఉన్నవీ లేనివీ తోస్తుంటాయిలే అనుకుని ఊరుకుంది, అలమర తలుపు తెరిచింది, లోపల చీకటి, ఇదిగో ఈ వాల్వు మీది పట్టీ గొట్టంతో పాటు నిలువుగా ఉంటే గ్యాసు వస్తున్నట్టు, పానాతో పావు చుట్టు తిప్పి అడ్డంగా పెడితే ఆగినట్టు, ఇప్పుడు తిప్పొద్దు, చూసి గుర్తుపెట్టుకోండి చాలు, వాసన వస్తే మాత్రం అగ్గిపుల్ల గియ్యకూడదు, స్విచ్ ముట్టుకోకూడదు, అంటూనే చీకట్లో కనబడక గోడమీది దీపం స్విచ్ వైపు చెయ్యి చాపింది, అత్తయ్య మామూలుగా, వానొస్తోంది అన్నంత మామూలుగా, మరి వస్తోందిగా అంది.

చెయ్యి గాల్లో ఆగింది, వేలికీ స్విచ్‌కీ మధ్య జానెడు, ఏం వస్తోందత్తయ్యా, అదే, పొద్దుటి కంపు, నువ్వు తలుపు తీశాక గుప్పుమంది, తను ఊపిరి గట్టిగా పీల్చింది, ఏమీ లేదు, నీళ్లలాంటి గాలి, ప్రపంచం ఎప్పట్లాగే శుభ్రంగా ఉంది, ఆ శుభ్రమే మొదటిసారి భయపెట్టింది, ఫ్రిజ్జు మోటారు ఏ క్షణమైనా టక్కుమని అందుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు, పరిగెత్తాలి, కాదు, పానా చేతిలోనే ఉంది, ఒక్క పావు చుట్టు, పట్టలేదు, జారింది, చెమట, అత్తయ్యా మీరు బయటికి నడవండి, మరి నువ్వు, నేనొస్తున్నా, నడవండి, మళ్లీ పట్టించి ఒళ్లంతా బరువు వేసి నొక్కితే కీచుమని కదిలి పట్టీ అడ్డం తిరిగింది, కిటికీ రెక్కలు తోసేసి, ఇంకా గుమ్మంలోనే తన కోసం నిలబడి ఉన్న ముసలామెను దాదాపు ఎత్తుకున్నట్టు పట్టుకుని రోడ్డు దాటింది, దాటాకే నడుముకు దోపుకున్న ఫోను తీసింది.

ఎదురింటి అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారు, గ్యాసు కంపెనీ మనిషి లోపలికెళ్లాడు, ఎండ మెత్తగా ఉంది, ఎవరి సైకిలో గంట కొట్టుకుంటూ పోయింది, అత్తయ్యా, నాకు వాసనలు తెలియవు అంది, ఇంతకాలం గొంతులో అడ్డుపడి ఉన్న మాట ఇంత చిన్నదా, తెలుసులేవే, పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే పక్కనే కూర్చుని కూనిరాగం తీసిన రోజే తెలిసింది, మరి అడగలేదేం, దాచుకున్నావుగా, దాచుకున్నదాన్ని లాక్కుంటే బాధపడతావని, అంది ఆవిడ, తనకు కోపం వచ్చింది, తర్వాత కోపం ఎవరి మీదో తెలియలేదు, తను దాచింది ఉద్యోగం కోసం, ఆవిడ అడగనిది తన మనసు నొప్పించకూడదని, ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరి మర్యాదా కలిసి కాసేపట్లో ఇంటిని పేల్చేసేది.

ఆ మనిషి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు, మొన్నటి కుదుపుకి గోడలో జాయింటు సడలిందండీ, మంచి పని చేశారు, ముందు ఎవరు పసిగట్టారు, మా అత్తగారండీ, నాకు ముక్కు పని చెయ్యదు అంది, ఎవరో తెలియని మనిషికి, నడిరోడ్డు మీద, అతను ఓహో అని తలూపి, అలాంటివాళ్లకి గ్యాసు లీకైతే మోత మోగే పరికరం ఉంటుందమ్మా, పెట్టించుకోండి అని సంచీ సర్దుకున్నాడు, అంతే, ఆకాశం విరిగి పడలేదు, రేపు బేకరీలో చెప్పాలి, ఆయన ఏమంటాడో, ఏమన్నా సరే, రాత్రికి ఫోనులో భర్తకు చెప్పాలి, వాల్వు ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలిసుండాలని అగ్నిమాపక దళం ఆవిడ చెప్పింది నిజమే, కానీ ఎవరికి ఏది చేతకాదో కూడా ఇంట్లో అందరికీ తెలిసుండాలి, అది తెలియని ఇల్లు భూమి కదలకపోయినా కూలుతుంది, అనుకుంది, అత్తయ్య చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని అలాగే కూర్చుంది.