బాన కింద కుదురు

గదంతా ఊడ్చేసి, బాన చుట్టూ మళ్ళీ చీపురు తిప్పింది చిట్టెమ్మ. అక్కడ ఊడవడానికి ఏమీ లేదు. భయం వేస్తే ఆవిడ చేతులు ఊరుకోవు, అంతే.

రాజమండ్రిలో ఆ చిన్న మ్యూజియం ఊడ్చే పని ఆమెది. ఎండకి మాడిన ముఖం, ఎత్తుపళ్ళు, మడమల నిండా పగుళ్ళు. ఒకసారి చూసినవాళ్ళు రెండోసారి చూడరు. ఆమె కూడా ఎవరి కంటా పడకుండానే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది.

కోరుకొండ పక్క జీడితోటలో మట్టి తవ్వుతుంటే దొరికిందా బాన. లోపల మట్టిలో పసిబిడ్డ ఎముకలు. ఏ కాలానివో ఇంకా తేలలేదు. అడుగు గుండ్రం కావడంతో బాన నిలబడనంది. చిట్టెమ్మే ఇంటినుంచి ఎండుగడ్డి తెచ్చి, పేని, కుదురు చుట్టి, దిమ్మ మీద బాన కింద పెట్టింది. ఆఫీసరు శశిభూషణ్ గారు మెచ్చుకున్నారు కూడా.

ఆయనకి తెలియని సంగతి ఒకటుంది. కుదురు పెట్టిన మధ్యాహ్నమే ఆమె తన బిడ్డ చేతి దిష్టిపూసలు అందులో జారవిడిచింది. పాలు తాగే వయసులోనే పోయిందా పిల్ల. గోదారి లంకలో పాతిపెడితే, ఎనభయ్యారు వరద ఆ ఒడ్డంతా కోసుకుపోయింది. ఇక ఎటు తిరిగి ఏడవాలి? ఇక్కడ ఇంకో తల్లి బిడ్డ ఒంటరిగా ఉంది కదా, ఇద్దరూ ఒకరికొకరు తోడుంటారనుకుంది. పిచ్చిపనే. ఆ పూట మాత్రం అలా అనిపించలేదు.

ఇవాళ హైదరాబాదు నుంచి హైమ అనే పరిశోధకురాలు వస్తోంది. అన్నిటికీ నెంబర్లు వేసి, ఫొటోలు తీసి కంప్యూటర్లోకి ఎక్కిస్తుందట, ఎముకల్నీ బాననీ పరీక్షకి పట్టుకుపోతుందట. పూసలు కనబడితే ఉద్యోగం ఊడినట్టే. అందుకే పొద్దున్నే బానలో చెయ్యి పెట్టింది చిట్టెమ్మ. వేలికి ఎముక తగిలింది. పూసలు వెతకాలంటే ఆ బిడ్డని కదపాలి. అమ్మో! గబుక్కున చెయ్యి లాగేసుకుంది.

హైమ వచ్చింది. కెమెరా సర్దుకుని, మట్టిని కొంచెం కొంచెంగా తియ్యడం మొదలుపెట్టింది. గుమ్మం దగ్గర చిట్టెమ్మ చీపురు పట్టుకుని నిలబడింది.

"ఏంటండీ ఇది? నైలాన్ దారం!" హైమ పట్టకారుతో పూసలు పైకెత్తింది.

పక్కనే ఉన్న శశిభూషణ్ గారి ముఖం ఎర్రబడింది. "ఎవరి పనిది?"

చిట్టెమ్మకి అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ, ఆ పూసలు చూస్తూ అది ఆడలేకపోయింది.

"నేనేనండి. మా పిల్ల చేతివండి."

ఆయన తిట్టబోయి ఆగారు. "పరీక్షంతా పాడైపోదూ చిట్టెమ్మా? సర్లే, నేను చూడలేదనుకుంటా. పట్టుకుపో."

ఉద్యోగం దక్కింది. హైమ పూసలు అందించబోయింది. అసలు భయం అప్పుడు పట్టుకుంది చిట్టెమ్మని. రెండు చేతులూ వెనక్కి దాచేసుకుంది.

"నాకొద్దండమ్మా. ఇంటికి అట్టుకెళ్ళి ఎక్కడెట్టుకోనండి? ఆ బిడ్డతోనే పంపించెయ్యండి. మా పిల్లకి ఇంకెక్కడా చోటు లేదండి."

"ఎముకల్లో కలపకూడదండి" అంది హైమ. అయినా పూసల్ని చిన్న కవర్లో వేసి, ఎముకల పెట్టె మూతకి పైన అంటించింది. "వీటికి నెంబరు ఉండదు మరి."

"నెంబరెందుకండి దానికి."

సాయంత్రం పెట్టె, బాన రెండూ వ్యానెక్కాయి. చిట్టెమ్మ గేటుదాకా వెళ్ళలేకపోయింది. వ్యాను చప్పుడు వినబడనంత దూరం పోయాక గది ఊడవడం మొదలుపెట్టింది. రాలిన మట్టి ఎత్తింది, చుట్టూ పడ్డ గడ్డిపరకలు ఏరింది. కుదురు జోలికి మాత్రం పోలేదు. బాన బరువుకి నలిగిన గడ్డి, దిమ్మ మీద, నడుమ గుండ్రంగా గుంటపడి అలాగే ఉంది.