పిచ్చి డాక్టరు గదిలో క్యారమ్ బోర్డు

నేను ఒక క్యారమ్ బోర్డును. పుట్టింది గుంటూరులో ఓ వడ్రంగి కొట్లో, పెరిగింది కుర్రాళ్ల క్లబ్బులో. అబ్బో, అక్కడ ఎన్ని పోట్లాటలు చూశానో! ఒక్క ఎర్ర కాయిన్ కోసం ఏళ్ల స్నేహితులు మాటలు మానేసుకునేవారు. మనుషులంతే లెండి. క్లబ్బు మూతపడ్డాక నన్నో హాస్టలు బడికి అమ్మేశారు. ఆ బడిలో ఆటల పీరియడు కాగితం మీదే ఉండేది. స్టోరు రూములో గోడకి ఆనుకుని దుమ్ము తిన్నాను.

నన్ను బయటికి తెచ్చింది కొత్తగా వచ్చిన కౌన్సెలరు హైమవతి మేడమ్. ఆవిడ గదిని పిల్లలు 'పిచ్చి డాక్టరు గది' అనేవారు. ఎవరూ ఆ గడప తొక్కేవారు కాదు. పాపం, ఆవిడ తలుపు బార్లా తీసిపెట్టి, నా మీద పౌడరు చల్లుకుని ఒక్కతే ఆడుకునేది.

ఓరోజు వార్డెనమ్మ తొమ్మిదో తరగతి సలోమిని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. పరీక్ష పరీక్షకీ ర్యాంకును బట్టి సెక్షన్ మార్చడం ఆ బడి ఆనవాయితీ. పై సెక్షన్ నుంచి దించేసిన రోజు మొదలు ఆ పిల్ల నోరు విప్పడం లేదు, అన్నం సరిగ్గా ముట్టడం లేదు.

"పొగరు మేడమ్! ఆదివారం వాళ్ల నాన్న వచ్చేలోపు మాట్లాడకపోతే టీసీ ఇచ్చి పంపేయమన్నారు ప్రిన్సిపల్ గారు," అంది వార్డెనమ్మ.

మేడమ్ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. రోజూ పిలిచి ఆట ఆడించింది, అంతే. ఆవిడ ఆట గురించి చెప్పాలంటే నాకే సిగ్గు. శనివారం స్ట్రైకర్‌ను గీత దాటించి మరీ కొట్టింది.

"మేడమ్, ఫౌల్!"

సలోమి నోట మాట వినేసరికి నా ప్రాణం లేచొచ్చింది. మేడమ్ కావాలని చేసిందో, చేతకాక చేసిందో ఇప్పటికీ తెలీదు.

"అయ్యో, ఓడిపోయానా?"

"మీరు ఓడిపోతే ఎవురేమంటారు మేడమ్!" అంటూనే బావురుమంది సలోమి. "మా నాయన ఎండలో సెంట్రింగ్ పనికి పోయి చదివిస్తన్నాడు. నన్ను దించారని తెలిస్తే తట్టుకోలేడు."

"నువ్వే చెప్పు తల్లీ. నేను పక్కనే ఉంటాను," అంది మేడమ్. సాయంత్రమే ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్లి, అది పొగరు కాదండీ, భయం అని చెప్పి టీసీ ఆపించింది.

ఆదివారం సలోమి వాళ్ల నాన్న దానియేలు క్యారేజీతో వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. సలోమి తల ఎత్తలేదు.

"నాయనా... నన్ను కింద సెక్షన్‌లో ఏశారు."

"ఆ ముక్క వార్డెనమ్మ ఎప్పుడో ఫోన్‌లో చెప్పింది గానీ, ఇట్టా చిక్కిపోయావేంటమ్మా? అన్నం తిన్నావా?"

తినలేదని తల అడ్డంగా ఊపింది. ఆయన గబగబా క్యారేజీ విప్పి నా మీదే పెట్టాడు. మేడమ్ వద్దనలేదు. చేపల పులుసు ఒలికి చెక్కలోకి దిగింది. తడిసిన చెక్క ఉబ్బుతుంది, ఇక ఆటకి పనికిరాను. ఆ సంగతి నాకు తెలుసు.

"ఇంకాస్త ఎయ్యి నాయనా," అంది సలోమి.

ఒలికితే ఒలకనీ అనుకున్నాను.