రెండో రోజు

ఆ ఇంట్లో నందిని నెలసరి ఎప్పుడో తెలియనిది పాలు పోసే ఆమెకు ఒక్కదానికే. హాల్లో టీవీ పక్కన వేలాడే క్యాలెండర్ మీద అత్తగారు చంద్రకాంతమ్మ ప్రతి నెలా పసుపుతో ఒక చుక్క పెడుతుంది. ఆ చుక్క చూసుకునే పెళ్లిళ్లకు వస్తామనీ రామనీ కబురు చేస్తారు. వ్రతాలకు రోజులు పెట్టుకుంటారు. మామగారు గంగాధరం పేపరు మడుస్తూ, "ఈ తూరి చుక్క శుక్రవారం పడిందే," అని వాన సంగతి మాట్లాడినట్టు మాట్లాడతాడు. నాలుగేళ్ల కిందట పాకాల నుంచి తిరుపతికి కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మాట వింటే నందినికి ఒళ్లు చచ్చిపోయేది. తర్వాత తర్వాత చావడానికి ఒంట్లో ఏమీ మిగల్లేదు.

చుక్క పండగ మీద పడితే మాత్రలు. వీధి చివర మందుల షాపు తిరుమలయ్యకు వాటి పేరు చెప్పక్కర్లేదు, "కొండ మాత్రలు" అంటే చాలు. దర్శనానికి వచ్చే ఆడవాళ్లు అడిగీ అడిగీ ఆ షాపులో ఆ పేరే స్థిరపడిపోయింది. తిరుమలయ్య చీటీ అడగడు. ఎవరికని అడగడు, పోయిన నెల కూడా తీసుకుపోయారు కదా అని అడగడు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకుంటాడు, పేపరులో చుట్టి ఇస్తాడు. చంద్రకాంతమ్మ వాటిని తెచ్చి పూజగదిలో పటాల వెనక కర్పూరం డబ్బాలో దాస్తుంది. ముట్టయిన మనిషి నీడ పడకూడని గదిలో ముట్టును ఆపే మాత్రలకు చోటుంది.

ఉగాది, గంగ జాతర, వరలక్ష్మీ వ్రతం, చవితి, ఆడబిడ్డ ప్రశాంతి సీమంతం, కార్తీక సోమవారాలు. అన్నిటికీ మాత్రలే. ఆడదాని ఒంటికి పంచాంగం తెలియదు కనుక అది తనకు తోచినట్టు చేసింది. ఒక నెల అసలు రాలేదు. ఇంకో నెల వచ్చి పన్నెండు రోజులు పోలేదు. బడిలో ఆరో తరగతి పిల్లలకు భిన్నాలు చెబుతూ చెబుతూ నందిని కళ్లు తిరిగి బోర్డు పట్టుకుని నిలబడింది.

ఇన్ని చేసి, "ఇంకా కడుపు పండలేదేమి?" అని అడిగేది కూడా చంద్రకాంతమ్మే.

చివరికి నందిని ఒక్కతే డాక్టరు దగ్గరికి పోయింది. ఆ డాక్టరమ్మ పాత రిపోర్టులు తిరగేసి, "ఈ మాత్రలు ఎవరు రాసిచ్చినారు?" అని అడిగింది.

"ఎవురూ రాయలేదు మేడమ్. మా అత్త తెచ్చిస్తాది."

"మీ అత్త ఏం చదివింది?"

డాక్టరమ్మ గొంతు కొంచెం తగ్గించి చెప్పింది. "మీ అమ్మకు ముప్పై ఎనిమిదికే నెలసరి ఆగిపోయిందంటున్నావు. నీకు ముప్పై దాటింది. నీలో అండాలు ఏమాత్రం ఉన్నాయో ముందు నేను చూడాలి. ఇకమీదట ఒక్క మాత్ర కూడా వద్దు. నెలసరి దానంతట అది రావాలి. వచ్చిన రెండో రోజు పొద్దున్నే రా, స్కాను, రక్తపరీక్ష ఆ రోజే చేస్తా. మాత్ర ఆపితే వచ్చేది నాకు పనికిరాదు. ఇంకా వాయిదా వేస్తే చూడ్డానికి ఏమీ మిగలకపోవచ్చు."

ఆ మాట నందిని ఇంట్లో చెప్పింది. చంద్రకాంతమ్మ పప్పు ఏరుతూ, "డాక్టర్లకేమి, రమ్మంటానే ఉంటారు. ఇచ్చేది దేవుడు," అంది. ఆ దేవుణ్ణి అడగడానికి కొడుకు రూపేష్‌తో అయ్యప్ప మాల వేయించింది.

రూపేష్‌కు సత్యవేడు దగ్గర కంపెనీలో ఉద్యోగం. నల్లబట్టలు కట్టుకుని, చెప్పుల్లేకుండా కంపెనీ బస్సెక్కి పోయి వస్తున్నాడు. మాలలో ఉన్నన్నాళ్లు ఇంట్లో అందరూ అతన్ని స్వామీ అనాలి. అతను ఆడవాళ్లందరినీ, కట్టుకున్న భార్యతో సహా, మాతా అనాలి. పడక హాల్లో చాప మీద. పిల్లలు కావాలని మొక్కుకుని నలభై ఒక్క రోజులు భార్య గది గడప తొక్కని మగవాణ్ణి చూసి ఆ ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు. నందినికి వచ్చింది. వంటగదిలో కొళాయి తిప్పుకుని నవ్వుకుంది.

మాల వేసిన పది రోజులకు, కార్తీక సోమవారాలకని మింగిన మాత్రలు ఆపేసరికి నెలసరి వచ్చింది. అప్పుడు ఆమెను ఐదు రోజులు పాకాలకు, పుట్టింటికి పంపించేశారు. డాక్టరు అడిగినది అది కాదు. దాని తర్వాతది. అది ఇప్పుడు రావాలి.

శనివారం పొద్దున ఇడ్లీ ప్లేటులో చట్నీ పక్కన తెల్లటి మాత్ర కనిపించింది.

"ఏందత్తా ఇది?"

"తెలీనట్టు అడగతావేమ్మే? బుధవారం స్వాములకి భిక్ష. గురువారం మనోడి ఇరుముడి. నీ చుక్క మంగళవారం. ఈ దినం నుంచి పూటకొకటి ఏసుకో."

"డాక్టరమ్మ వొద్దనింది గదా. చెప్పినాను గదా మీకు."

"వచ్చే నెల పో. యాడికి పోతాది ఆమె?"

"అయితే నన్ను పాకాలకి పంపీయండి. పోయిన తూరి పంపినారు గదా. మా అమ్మ కాడ ఉండి, రెండో రోజు ఆణ్ణించి బస్సులో వచ్చి చూపిచ్చుకుంటా."

చంద్రకాంతమ్మ ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "నువ్వు పాకాలకి పోతే పదకొండు మంది స్వాములకి వండేదెవురు? నాకు మోకాళ్లు వంగవు. ప్రశాంతికి చంటిబిడ్డ. ఏమ్మే, బుద్ధుండే మాట్లాడతాండావా?"

దేవుడికి అడ్డమైతే పుట్టింటికి పంపవచ్చు. వంటకు అడ్డమైతేనే మాత్ర కావాలి. ఆ తేడా చంద్రకాంతమ్మ నోటితోనే చెప్పింది, చెప్పినట్టు ఆమెకే తెలియలేదు.

నందిని హాల్లోకి పోయింది. రూపేష్ మెడలో మాల సర్దుకుంటూ ఫోన్లో క్రికెట్టు స్కోరు చూస్తున్నాడు.

"స్వామీ, మీరన్నా చెప్పండి అత్తకి. రెండో రోజు పోకపోతే ఇంకో నెల పోతాది నాకు."

"ఒక్క తూరికి సర్దుకో మాతా. ఈ యాత్ర మనకోసరమే గదా."

"మనకోసరమే అయితే నాతో ఆస్పత్రికి రండి."

"మాలలో ఉండి అట్టాంటి చోట్లకి రాకూడదు మాతా," అని అతను స్నానానికి లేచిపోయాడు. రోజుకు రెండుసార్లు చన్నీళ్ల స్నానం చేసే మనిషికి ఏ మాటా ఒంటిమీద నిలవదు.

వెనక నుంచి చంద్రకాంతమ్మ వచ్చి నిలబడింది. "ఒకటి చెప్తా విను. మాల ఏసుకున్న ఇంట్లో మైల తగిలితే ఊరుకునే దేవుడు కాదు ఆయన. అడవి దావ. రేపు నా కొడుక్కి ఆడ ఏమన్నా అయితే ఆ పాపం ఎవురిది? నీదే."

నందిని దేవుణ్ణి నమ్మని మనిషి కాదు. ఆ మాట ఆమె కడుపులో రాయిలా దిగింది. అయినా మాత్రను నాలుక కింద పెట్టుకుని, నీళ్లు తాగి, స్నానాలగదిలోకి పోయి ఉమ్మేసింది. ఆ రోజు మూడుసార్లు, ఆదివారం మూడుసార్లు, సోమవారం, మంగళవారం. క్లాసులో పిల్లలు చూయింగ్ గమ్ దాచుకునే పద్ధతి. మాత్ర తూములోకి జారిపోయిన ప్రతిసారీ ఆమెకు అడవి కనిపించేది, అందులో చెప్పుల్లేకుండా నడుస్తున్న రూపేష్ కనిపించేవాడు. రాత్రి బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే గేటు దగ్గర నిలబడేది.

మంగళవారం నెలసరి రాలేదు. ఏడాది పొడవునా మింగిన మాత్రలు ఒంటిని ఎటు తిప్పి పెట్టాయో ఏమో, ఇక రాదేమోనని ఆమెకు ఇంకో భయం పట్టుకుంది.

బుధవారం పొద్దున్నే తలస్నానం చేసి పొయ్యి ముట్టించింది. ఉల్లి, వెల్లుల్లి లేకుండా సాంబారు, గుమ్మడికాయ కూర, చిత్రాన్నం, పాయసం. పదకొండు గంటలకు సాంబారు గిన్నె దించింది. వడలకు పిండి రుబ్బి పెట్టుకుంది. అప్పుడు నడుములో తెలిసిన నొప్పి ఒకటి కదిలింది. స్నానాలగదిలోకి పోయి చూసుకుని గోడకు ఆనుకుని నిలబడింది. ఈరోజు ఒకటి. రేపు రెండు. అంతకంటే ఏమీ తోచలేదు.

పెరటి గుమ్మం బయట నిలబడి పిలిచింది. "అత్తా, నేను బయట చేరినాను."

చంద్రకాంతమ్మ చేతిలో అరటాకుల కట్ట ఉంది. "అదెట్టా? మాత్రలు ఏసుకుంటాండావు గదా?"

"లేదత్తా. ఒక్కటీ ఏసుకోలేదు."

తిట్టడానికి చంద్రకాంతమ్మకు తీరిక లేదు. హాల్లో స్వాములు చేరుతున్నారు, శరణుఘోష మొదలైంది. ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసి, గుమ్మం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"మెల్లిగా మాట్లాడు. ఎవురికీ చెప్పాకు. బిరీన తలకి పోసుకోని, చీర మార్చుకోని వచ్చి వడలెయ్యి. వడ్డన గూడా నువ్వే చెయ్యాల."

నందినికి అర్థం కాలేదు. "ఏందత్తా మీరనేది?"

"రేపు వచ్చిందని చెప్పుకుందాం. స్వామి బండెక్కినాక చుక్క పెడతా. రేపట్నించి లెక్క."

"మరి మైల? అడవిలో స్వామికి ఏమన్నా అయితే?"

"ఏం కాదు పోమ్మే. మన కష్టం దేవుడికి తెలీదా?"

నాలుగేళ్లుగా నందిని కష్టం తెలియని దేవుడికి, వడలు వేసే మనిషి లేదనేసరికి చంద్రకాంతమ్మ కష్టం తెలిసిపోయింది. నందిని అత్తగారిని తేరిపార చూసింది. నాలుగు రోజులుగా కడుపులో మోసిన రాయి ఏ దేవుడూ పెట్టింది కాదు. ఈ మనిషి పెట్టింది. పెట్టిన మనిషికే దాని మీద నమ్మకం లేదు. అసహ్యం వేస్తే మనిషికి ఇంత తేలిగ్గా ఉంటుందని నందినికి అప్పటిదాకా తెలియదు.

"మీరు నేర్పిన నియమమే అత్తా. నేను తప్పను," అని పక్క సందులోంచి ముందు వైపుకు నడిచింది.

మెట్ల కింద, బండి పెట్టే చోట, ఒక బూడిదరంగు ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది. నెలలో ఐదు రోజులు అది నందినిది, మిగతా రోజులు పిల్లిది. ఆ కుర్చీలో ఆ ఇంటి కోడలు కూర్చుంటే అర్థమేమిటో ఆ వీధిలో అందరికీ తెలుసు. ఆమె పోయి అందులో కూర్చుంది.

చివరగా వచ్చిన గురుస్వామి పరంధామయ్య గేటు తీసి, "ఏం మాతా, ఈడ కూసున్నావే?" అని, మాట పూర్తిచేసేలోగా తనకే తెలిసి ఆగిపోయాడు. శరణుఘోష ఆగింది. రూపేష్ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చాడు.

"నందినీ!"

నలభై రోజుల్లో మొదటిసారి అతనికి మాతా అనడం గుర్తురాలేదు.

"వంట ఎవురు చేసినారు?" అని గురుస్వామి అడిగాడు. గంగాధరం గడపలో నిలబడి కాళ్ల వంక చూసుకున్నాడు. చంద్రకాంతమ్మ తలుపు వెనక నుంచి ఈవలికి రాలేదు.

నందినే చెప్పింది. "నేనే చేసినా స్వామీ. సాంబారు దించినాక అయింది. వడలు ఇంకా ఎయ్యలేదు."

గురుస్వామి గడ్డం నిమురుకున్నాడు. లోపలి నుంచి సాంబారు వాసన వీధిలోకి వస్తోంది. ఒక స్వామి నెమ్మదిగా, "పొద్దుట్నించి నీళ్లు తప్ప ఏం లేదు స్వామీ," అన్నాడు.

"దించినాక గదా," అన్నాడు గురుస్వామి. "పొయ్యి మీద ఉన్నెప్పుడు శుద్ధంగానే ఉన్నింది. దోషం లేదు. ఆకులెయ్యండి."

ఆకులు పరిచేంత సేపట్లో శాస్త్రం తేలిపోయింది. సాంబారు రెండోసారి అడిగి మరీ పోయించుకున్నారు. వడలు లేవా అని కూడా ఎవరో అడిగారు. వంగని మోకాళ్లతో చంద్రకాంతమ్మ వడలు వేసింది, వంగి వడ్డించింది. గంగాధరం నీళ్ల చెంబు పట్టుకుని ఆకుల మధ్య తిరిగాడు, దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక రెండుసార్లు ఒలకబోశాడు. కుర్చీలో మనిషికి అన్నం పెట్టాలని మూడు గంటలకు ఎవరికో గుర్తొచ్చింది.

గురువారం పొద్దున ఇంటిల్లిపాదీ ఇరుముడికి గుడికి పోతుంటే నందిని ఆటో ఎక్కి ఆస్పత్రికి పోయింది.

"ఎన్నో రోజు?" డాక్టరమ్మ స్కాను తెర వైపు చూస్తూనే అడిగింది.

"రెండో రోజు మేడమ్."

డాక్టరమ్మ చాలాసేపు చూసింది. లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. "తక్కువున్నాయి," అంది. నందిని తెర వైపు తల తిప్పింది. "తక్కువే. కానీ ఉన్నాయి. రక్తపరీక్ష కూడా రానీ, మందులు మొదలుపెడదాం. ఇంక ఆలస్యం చెయ్యొద్దు. మీ ఆయన వీర్యపరీక్ష కాగితం ఏది?"

"ఆయనకా?"

"నాలుగేళ్లయిందన్నావు. ఒక్కసారి కూడా చెయ్యలేదా?"

నర్సు చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చి, మూత మీద కాగితం అతికించి, రూపేష్ అని పేరు రాసిచ్చింది.

ఇల్లు చేరేసరికి స్వాముల బండి వెళ్లిపోయింది. చంద్రకాంతమ్మ గుమ్మంలో మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. నిన్నటి నుంచి ఆమె మాట్లాడలేదు. ముట్టయిన మనిషి చేతి నుంచి ఏదీ నేరుగా అందుకోరు కనుక నందిని ఆ డబ్బాను మెట్టు మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది. చంద్రకాంతమ్మ లేచి నీళ్లు చిలకరించి దాన్ని తీసుకుంది, ఊపి చూసింది.

"ఏందిది, ఖాళీగా ఉండాదే? మాత్రలేవి?"

"నాకు కాదత్తా. మీ కొడుక్కి. కొండ దిగి మాల తీసినాక దాంట్లో పట్టి ఇయ్యాలంట. పరీక్ష చేస్తారు."

లోపల టీవీ శబ్దం ఒక్కసారిగా తగ్గింది. చంద్రకాంతమ్మ మూత మీది పేరు కూడబలుక్కుని చదివింది.

"వాడికేమొచ్చింది? వాడు మగోడు!"

"ఏమొచ్చిందో చూడ్డానికే. కర్పూరం డబ్బాలో పెట్టండి, మాత్రలు తీసేస్తే పడతాది. బుధవారం పొద్దున్నే రమ్మన్నారు. క్యాలెండర్ మీద చుక్క పెట్టండి అత్తా, మామకి గూడా గుర్తుంటాది."

చంద్రకాంతమ్మ డబ్బా పట్టుకుని అలాగే నిలబడింది. కింద పెడితే వీధిలో పోయేవాళ్లకు కనిపిస్తుంది. లోపలికి తీసుకుపోతే ఏ గదిలో పెట్టాలో తెలియదు. నందిని కుర్చీ మీది పిల్లిని దించి, సంచిలోంచి ఆరో తరగతి లెక్కల పేపర్లు తీసి దిద్దడానికి కూర్చుంది.