రుక్మాబాయి పుట్టించిన జిమ్

దబీర్‌పురా స్టేషన్‌కు పోయే దారిలో ఎడమ చేతికి తిరిగే గల్లీలో రుక్మాబాయికి తెలియకుండా ఏమీ జరగదని అందరూ అనుకునేవారు. రుక్మాబాయి కూడా అదే అనుకునేది. ఎవరింట్లో సంబంధం కుదిరింది, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయింది, రేపు నల్లా నీళ్లు వస్తాయా రావా, అన్నీ ఆమె దగ్గర పాలతో పాటే దొరికేవి. బర్రెలు గల్లీలో లేవు. చోటు చాలక పదేళ్ల కిందటే జల్‌పల్లి వైపు తోలేశారు. కొడుకు ఎల్లేష్ అక్కడే కొట్టం వేసుకుని, తెల్లారేసరికి ట్రాలీ ఆటోలో క్యాన్లు తెచ్చి దింపిపోతాడు. రుక్మాబాయి మాత్రం పుట్టి పెరిగిన ఇల్లు వదల్లేదు. అరుగు మీద కూర్చుని చేత్తో పాలు కొలుస్తుంది, నోటితో కబుర్లు చెబుతుంది.

అలాంటి మనిషికి ఎదురింటి దుకాణంలో ఏం రాబోతోందో తెలియకుండా పన్నెండు రోజులు గడిచాయి.

ఆ దుకాణం వైకుంఠానిది. ముప్పై ఏళ్లు కిరాణం నడిపి, మోకాళ్లు మొరాయించేసరికి మూసేసి కిరాయికిచ్చాడు. ఇప్పుడు దాని ముందు నీలం టార్పాలిన్ పట్టా కట్టి ఉంది. లోపల పొద్దంతా డ్రిల్లింగు మోత. రుక్మాబాయి పట్టా సందులోంచి చూసింది, పనివాళ్లకు చాయ్ ఇచ్చి మరీ అడిగింది. వాళ్లు బీహారువాళ్లు. చాయ్ తాగి నవ్వారు. ఇక లాభం లేదని వైకుంఠాన్నే పట్టుకుంది.

"వైకుంఠమన్నా, ఏం పెడ్తున్రే నీ దుకాణంల?"

"పెట్టినంక నువ్వే చూస్తవ్ గద."

"నాక్కూడ చెప్పవా?"

వైకుంఠం కండువా సర్దుకున్నాడు. "కిరాయికి తీస్కున్నోళ్లు ఎవ్వలకు చెప్పొద్దన్నరు రుక్మక్కా. మాటిచ్చిన. అండ్ల నీకైతే అస్సలుకే చెప్పొద్దన్నరు."

ఆ మాట అనేటప్పుడు అతని మీసాల కింద ఏదో కదిలింది. రుక్మాబాయికి ఆ పూట అన్నం సయించలేదు.

పదమూడో రోజు ఒక ట్రక్కు వచ్చి ఆగింది. నలుగురు మనుషులు ఒక పొడవాటి వస్తువును దించారు. చుట్టిన గోనెసంచి ఒక మూల చిరిగి ఉంది. అందులోంచి అద్దాల తలుపు, దాని వెనక తెల్లటి అరలు కనిపించాయి. ఫ్రిజ్! రుక్మాబాయి అరుగు మీంచి లేచి నిలబడింది. అంత పెద్ద ఫ్రిజ్ ఎవరికి కావాలి? పాల ప్యాకెట్లవాళ్లకే. చౌరస్తాలో ప్యాకెట్ల దుకాణం వచ్చాక ఇప్పటికే సగం గల్లీ అటు మళ్లింది. మిగిలిన సగానికి ఎదురుగానే తలుపు తెరుస్తున్నారన్న మాట. అందుకే 'నీకైతే అస్సలుకే చెప్పొద్దన్నరు.'

సరిగ్గా అప్పుడే నుస్రత్ బేగం గిన్నె పట్టుకుని వచ్చింది. ఆమె వెనకే బ్లౌజులు కుట్టే యశోద.

"క్యా ఖుల్రా సామ్నే, రుక్మాబాయి?" అంది నుస్రత్ బేగం.

"అవునక్కా, ఏం షాపు వస్తుంది?" అంది యశోద.

ఇద్దరూ ఆమె నోటి వంకే చూస్తున్నారు. తెలియదని చెప్పడం ఆమెకు చేతకాదు. పాల ప్యాకెట్లని చెబితే తన గొయ్యి తానే తవ్వుకున్నట్టు. అటు చూస్తే వైకుంఠం తన గుమ్మంలో కాళ్లు చాపుకుని పేపరు చదువుతున్నాడు, ఏ చింతా లేకుండా. రుక్మాబాయికి ఒళ్లు మండింది. ఆ మంటలోంచే మాట వచ్చింది.

"జిమ్."

"జిమ్మా!"

"ఆడోళ్ల జిమ్. గా పెద్ద అద్దం చూడలే? చూస్కుంట కసరత్ చేయనీకి. వైకుంఠమన్న ఎందుకు దాస్తున్నడనుకున్నరు? సిగ్గు."

మధ్యాహ్నానికి యశోద దానికి ఏసీ పెట్టించింది. సాయంత్రానికి నుస్రత్ బేగం ఇంటి వైపు నుంచి, నడిపించే మిషన్లు ముంబై నుంచి వస్తున్నాయని తెలిసింది. మర్నాడు పొద్దున, ముందు పేరు రాయించుకున్నవాళ్లకు నెల రోజులు ఉచితమట అని ఎవరో వచ్చి రుక్మాబాయికే చెప్పారు. ఆమె ఆశ్చర్యపోయినట్టు ముఖం పెట్టింది. "అవునా, నాకెర్క లేదే!" అంది.

పదింటికల్లా వైకుంఠం గుమ్మం ముందు ఆడవాళ్లు గుంపు కట్టారు. అతను లేచి నిలబడ్డాడు.

"జిమ్ము లేదు గిమ్ము లేదు. పోండ్రి!"

"మరేంది చెప్పు," అంది యశోద.

అక్కడ చిక్కుకున్నాడు. ఇన్ని రోజులు మాటిచ్చానంటూ బిగదీసుకున్నవాడు ఇప్పుడు చెబితే పరువేముంటుంది? చెప్పలేదంటే జిమ్మే అని అందరికీ ఖాయమైపోయింది. ఇంతలో ఇంట్లోంచి అతని భార్య రాజమణి పాత నోటుబుక్కు, పెన్ను పట్టుకుని వచ్చింది.

"ముప్పై ఏండ్లు నీ దుకాణంల కూసొని పొట్లాలు కట్టిన. నడుము పోయింది. నాక్కూడ చెప్పకుంట దాస్తవా? రాయి. మొదలు నా పేరే రాయి."

వైకుంఠం రాశాడు. మధ్యాహ్నం దాకా రాస్తూనే ఉన్నాడు. ముప్పై ఏడు పేర్లయ్యాయి. అరుగు మీద రుక్మాబాయి కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వింది. పాల ప్యాకెట్ల సంగతి ఆ కాసేపూ మరిచేపోయింది.

రెండు రోజుల తర్వాత స్కూటీ మీద ఒక అమ్మాయి వచ్చి పట్టా ముందు ఆగింది. వెంటనే ఆడవాళ్లు చుట్టుముట్టారు. "మిషన్లు ఎన్నడొస్తయ్?" "చీరెల మీద చేయొచ్చా?" "పంజాబీ డ్రెస్సే ఏస్కోవాల్నా?" ఆ అమ్మాయి అయోమయంగా అందరినీ చూసింది, తర్వాత ఈ మాట ఎవరన్నారని అడిగింది. ముప్పై చేతులు ఒక్కసారే అరుగు వైపు చూపించాయి.

ఆమె తిన్నగా రుక్మాబాయి దగ్గరికి వచ్చి నిలబడింది. "రుక్మాబాయి అంటే మీరేనా అమ్మా? నా పేరు అమల. మాది కంచన్‌బాగ్. ఆ షాపు నేనే తీస్కున్న."

"కూసో బిడ్డా," అంది రుక్మాబాయి, అరుగు మీద చోటు చూపిస్తూ.

"నాది కేకుల షాపమ్మా. రెండేండ్ల సంది ఇంట్లనే చేసి మా క్వార్టర్లల్ల అమ్ముతున్న. ఇప్పుడు ధైర్యం చేసి షాపు పెడ్తున్న. మీరేమో జిమ్ అన్నరంట!"

"గా ఫ్రిజ్..."

"కేకులు పెట్టనీకి."

రుక్మాబాయి గుండెల మీంచి బరువంతా దిగిపోయింది. దిగిన వెంటనే సిగ్గు ముంచుకొచ్చింది. అమల ఇంకా చెబుతూనే ఉంది.

"పాలు మీ దగ్గర్నే తీస్కుందామనుకున్న. బర్రె పాల మీగడైతే మస్తుంటది. ఈ మాట మీతోని చెప్పమని వైకుంఠం అంకుల్‌కు ఎప్పుడో చెప్పిన. చెప్పలేదా?"

"నువ్వే గద ఎవ్వలకు చెప్పొద్దన్నవ్?"

"నేనా? అందరికి చెప్పమన్న! చెప్తేనే గద గిరాకీ వచ్చేది!"

రుక్మాబాయి తల తిప్పి ఎదురింటి వైపు చూసింది. వైకుంఠం పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. లోపలి నవ్వుకు పేపరు ఊగుతోంది. పన్నెండు రోజులు తనను ఊరికే, సరదాకే, ఆడించాడన్న మాట!

"ఇప్పుడు నేనేం చేయాలమ్మా?" అంది అమల దిగులుగా. "అందరు జిమ్ అంటున్రు. కేకులు పెడితే కోపం చేస్తరు. కసరత్ పిచ్చి ఉన్న మా ప్రీతి ఒక్కతి ఇది విని నవ్వుతది."

"ప్రీతెవలు?"

"మా పిన్ని బిడ్డ. జల్‌పల్లి కాడ కొత్త కాలనీల ఉంటది. బడిల ఆటలు నేర్పిస్తది."

రుక్మాబాయి పాల కొలత పక్కన పెట్టి లేచింది. గల్లీ దాటి నేరుగా వైకుంఠం ముందుకు పోయి నిలబడింది.

"అన్నా, దుకాణం వెనక గోదాం ఖాళీగనే ఉంది గద?"

"ఉంటే?"

"పొద్దుగాల ఆరింటి నుంచి ఏడింటి దాక ఆడోళ్లకు ఇయ్యి. ప్రీతి అని ఒక పిల్ల మా ఎల్లేష్ ఆటోల వచ్చి కసరత్ నేర్పిస్తది."

"నాకేం పని లేదా?"

రుక్మాబాయి గొంతు తగ్గించింది. "నీకు ఎవ్వలు చెప్పొద్దనలేదని రాజమణికి చెప్పాల్నా? పిలవాల్నా?"

వైకుంఠం బనీను కింద మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇంకోటి," అంది రుక్మాబాయి. "గంటసేపు నేను గూడ పోతా. నా పేరు లేకుంటే ఎవ్వలు రారు. గప్పుడు పాలు ఎవరు పోస్తరు?"

"ఎల్లేష్..."

"వాడు క్యాన్లు దించి పోతడు. పాలు నువ్వు పొయ్యి."

ఆ వచ్చే ఆదివారం 'అమల కేక్స్' బోర్డు ఎక్కింది. సోమవారం పొద్దున గోదాంకు ముప్పై ఏడు మందిలో పద్నాలుగు మంది వచ్చారు. నుస్రత్ బేగం బురఖా విప్పి మేకుకు తగిలించింది. కింద కొత్త స్పోర్ట్స్ బూట్లు మెరుస్తున్నాయి. రాజమణి ముందు వరుసలో చోటు పట్టింది. ప్రీతి ఈల ఊది, "చేతులు పైకి!" అనగానే గోదాంలో పద్నాలుగు జతల గాజులు ఒక్కసారే గల్లుమన్నాయి. పది నిమిషాలకు రుక్మాబాయి ఊపిరి అందక పాత ఉప్పు బస్తా మీద కూలబడింది.

"లే అమ్మా, ఇంకా మొదలే కాలే," అంది ప్రీతి.

"నా బర్రెలను గూడ ఇంతగనం ఉరికియ్యలేదే తల్లీ!"

ఏడింటికి అందరూ చెమటలు తుడుచుకుంటూ ముందు వైపుకు వచ్చారు. అమల అప్పుడే తీసిన కేకులు పళ్లెంలో పెట్టి నిలబడింది. ప్రీతి వద్దు వద్దంటూనే ఉంది, పళ్లెం ఖాళీ అయిపోయింది. రాజమణి రెండు ముక్కలు తిని, మూడోది కొంగులో దాచుకుని బయటికొచ్చింది. ఎదురుగా అరుగు మీద తన మొగుడు మఠం వేసుకుని, చొక్కా చేతులు మడిచి, ఒక్క చుక్క ఒలకకుండా పాలు కొలుస్తున్నాడు. చుట్టూ నలుగురు నిలబడి అతను చెప్పేది నోరు తెరుచుకుని వింటున్నారు.

రుక్మాబాయి దగ్గరికి పోయి చేయి చాపింది. "ఇటియ్యి. లే ఇగ."

"జెర ఆగు," అన్నాడు వైకుంఠం, ఆమె వైపు చూడనైనా చూడకుండా. "మంచి ముచ్చట నడుస్తుంది."