వంగిన స్తంభం పక్కన

నాకు ముక్కు మీదే కోపం. పాత ఇంటి పక్కన కొత్త గది కట్టి, దానికి ఉత్తుత్తి చెక్కలు అతికించి ఇదీ పాతదేనని నమ్మించే వాళ్లను చూస్తే మరీను. అందుకే మా వదిన తన అనువాదాల ఆఫీసు ఇంటి పక్కనే కట్టించుకుంటానన్నప్పుడు, ఉక్కు, గాజు తప్ప ఇంకేమీ వాడనని ముందే చెప్పేశాను.

వదినంటే మా ఆయన అక్క. అది వాళ్లిద్దరూ పుట్టి పెరిగిన ఇల్లు. బరువంతా లావుపాటి చెక్క స్తంభాలూ, దూలాలూ మోస్తాయి. గోడలు ఊరికే మధ్యలో నింపిన మట్టి. పాత కట్టడాల ఆఫీసరు పెట్టిన షరతు ఒక్కటే. పాత చెక్క మీద పనిముట్టు పడితే అనుమతి రద్దు. ఊరవతల అద్దె గదికి తిరగలేక విసిగిపోయిన వదిన, ఇక్కడ ఆఫీసు రాకపోతే ఇల్లు అమ్మేసి అటే పోతానని తేల్చి చెప్పింది. అన్నంత పనీ చేసే మనిషి.

డిజైన్ నాది, కొలతలు మా ఆయనవి. ఆయన కొలిస్తే తిరుగుండదని మా ఆర్కిటెక్టు ఆఫీసులో పేరు.

ఉక్కు చట్రం వచ్చింది. నిలబెడితే అడుగున బాగానే కూర్చుంది, పైన మాత్రం మూల స్తంభానికి కొట్టుకుని ఆగిపోయింది.

"పైన కాస్త చిత్రిక పడితే సరిపోతుందమ్మా, ఎవరికీ తెలీదు" అన్నాడు వడ్రంగి మేస్త్రీ.

"చట్రమే వంకరేమో చూడండి, స్తంభం తిన్నగానే ఉందిగా!" అంది వదిన.

నేను దారానికి గుండు కట్టి పైనుంచి వదిలాను. అడుగుకు వచ్చేసరికి దారానికీ స్తంభానికీ మధ్య మూడు వేళ్ల ఎడం. అక్కాతమ్ముళ్లిద్దరూ నోరు తెరుచుకుని చూస్తున్నారు.

"ఈ మూల కొలిచారా?" అన్నాను మా ఆయనతో.

"మిగతావన్నీ కొలిచాను. ఇది... చూస్తూనే ఉన్నాంగా అనుకున్నా."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈయన రచ్చంతా గెలిచి ఇంట్లో ఓడారు. ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ, ఆయన మొహంలో కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు. మింగేశాను.

వదిన నా చెయ్యి పట్టుకుంది. "చిత్రిక పట్టించెయ్యి అమ్మాయ్. ఇంకో చట్రం చేయించేలోగా వానలొస్తాయి. నావల్ల కాదిక."

"వదినా, ఆ స్తంభాన్ని ఎవరూ ముట్టుకోరు. మనమే జరుగుతాం."

పునాది ముందే కాస్త వెడల్పుగా వేయించాను. చట్రాన్ని అవతలికి జరిపించాను. అవతల పక్క దారి కాస్త ఇరుకైంది, పోనిమ్మన్నాను. స్తంభానికీ ఉక్కుకీ మధ్య కింద వెడల్పుగా, పైన సన్నగా మిగిలిన సందుకి సరిగ్గా అదే ఆకారంలో గాజు కోయించి పెట్టించాను. ఎప్పుడూ పగలు కూడా దీపం వేసుకునే పాత గది మూలలో ఆ గాజులోంచి వెలుగు పడింది. బాగుంటుందని తెలుసు, ఇంత బాగుంటుందని నాకూ తెలీదు.

ఆఫీసరు వచ్చాడు. స్తంభాన్ని పైనుంచి కిందికి తడిమి చూశాడు. గాజు దగ్గర ఆగాడు.

"ఇది మీ ప్లానులో లేదే?"

కావాలనే పెట్టామని చెప్పి తప్పించుకోవచ్చు, అందులో నేను దిట్టనే. ఈలోగా మా ఆయన ముందుకొచ్చారు.

"నా పొరపాటండీ. ఈ మూల నేను కొలవలేదు. చిన్నప్పట్నుంచీ దీనికి ఆనుకుని పెరిగాను. నాకు తిన్నగానే కనిపించింది."

ఆ గొంతు విన్నాక నాలో కోపం ఒక్క పిసరు మిగల్లేదు. ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది.

ఆఫీసరు కాగితాల మీద సంతకం పెట్టాడు. "చెక్క మీద గీత కూడా పడలేదు. ఆఫీసు తెరుచుకోండమ్మా" అని వదినతో చెప్పి వెళ్లిపోయాడు.

వదిన గాజు ముందుకొచ్చి నిలబడి, తల అటు వంచి ఇటు వంచి స్తంభాన్ని చాలాసేపు చూసింది. కళ్లు తుడుచుకుంది.

"ఒరేయ్ తమ్ముడూ," అంది, "నాకింకా తిన్నగానే కనిపిస్తోందిరా."