మూడు మిల్లీమీటర్ల తేడా

తనిఖీకి వచ్చిన అధికారి గణాంకాల శాఖవాడు, మితభాషి. మూడు రోజులు నది విభాగం గదిలో కూర్చుని, బీరువాలోని సీసాలన్నీ తీయించి, కుళ్లకుండా మందులో నానబెట్టిన చేపలను ఒక్కొక్కటిగా కొలిచాడు. నాలుగో రోజు ఒక కాగితం చేపలమ్మ ముందుకు జరిపాడు.

ఆఫీసులో ఆమెను అందరూ అలాగే పిలుస్తారు. వేట నిషేధించిన ఆ నదిలో పదకొండేళ్లుగా ముప్పై నాలుగు రకాల చేపలను పట్టి, కొలిచి, తూచి, తిరిగి వదులుతున్నది ఆవిడే. రకానికి పది మాత్రం, కొలిచాక, సీసాల్లో దాచింది. నిషేధం వల్ల చేపలు బాగా ఎదుగుతున్నాయన్న ఆమె నివేదికల మీదే ఆ నిషేధం నిలబడి ఉంది.

"ఈ మొదటి చేప మీ పుస్తకంలో ఎనభై నాలుగు మిల్లీమీటర్లు. నేను కొలిస్తే ఎనభై ఒకటి. ఒకటో రెండో అయితే పొరపాటనుకుందును. అన్నీ తక్కువే వచ్చాయి."

"నేను పెంచి రాశానంటారా?"

"నేనింకా ఏమీ రాయలేదు. సోమవారం దాకా ఆగుతాను."

ఆ రాత్రి ఆమె ఒక్కొక్కరినీ తలుచుకుంటూ కూర్చుంది. నిషేధం ఎత్తేసి నది తెరిస్తే ఎవరికి లాభం? ఆఫీసు అటెండరు బావమరిది నిషేధానికి ముందు దిగువన వల వేసేవాడు. బీరువా తాళంచెవి ఉండేది అటెండరు దగ్గర. సిరా వెలిసిందని కిందటేడు సీసాలకు కొత్త చీటీలు అంటించింది కూడా అతనే. పెద్ద చేపలు తీసి చిన్నవి పెట్టడం ఎంతసేపు? పైగా ఆ అధికారికి అడక్కముందే టీ తెచ్చిపెడుతున్నాడు.

మర్నాడు సాయంత్రం అటెండరు ఇంటికి బయలుదేరుతుంటే గుమ్మం దగ్గర ఆపింది.

"అన్నా, సంచీ ఒకసారి చూపించు."

"ఎందుకమ్మా?"

"చూపించు."

అతను సంచీని బల్ల మీద బోర్లించాడు. ఖాళీ టిఫిన్ డబ్బా, గొడుగు, భార్యది, కాడ విరిగిన కళ్లజోడు. జేబులోంచి తాళంచెవి తీసి వాటి పక్కన పెట్టాడు. "ఇది కూడా మీ దగ్గరే ఉంచుకోండి," అని, సామాన్లు నెమ్మదిగా సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆమె బీరువా తెరిచి, తన పుస్తకాన్నీ అధికారి కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. చిన్న చేపకు ఒక మిల్లీమీటరు తగ్గింది, పెద్దదానికి ఐదు. ఏ రకం చూసినా నూటికి మూడు, నాలుగు. దొంగ ఎంత తెలివైనవాడైనా మూడు వందల పైచిలుకు చేపలను అంత లెక్కగా మార్చలేడు. సీసాలోని చేప పొట్ట దగ్గర చర్మం ముడతలు పడి ఉంది. మందులో ఉంచిన చేప కుంచించుకుపోతుందని చదువుకునే రోజుల్లో విన్నదే. బెదురులో తట్టలేదు.

సోమవారం ఆ మాటే చెప్పింది. అధికారి నమ్మలేదు. "అయితే నా కళ్లముందే చేసి చూపించండి. సీసా నా గదిలోనే ఉంటుంది," అన్నాడు.

ఇద్దరూ నదికి వెళ్లారు. ఆరు చేపలను ఆమె ఒకసారి, అతను ఒకసారి కొలిచి మందు సీసాలో వేసి, మూత మీద ఇద్దరూ సంతకం చేసిన కాగితం అంటించారు. ఐదు వారాల తర్వాత తెరిస్తే ఆరూ పొట్టివయ్యాయి. అధికారి మళ్లీ మళ్లీ కొలిచాడు. చివరికి, "మీ కొలతలు సరైనవేనని రాస్తాను," అన్నాడు. నది మీద నిషేధం అలాగే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఆమె తాళంచెవి పట్టుకుని అటెండరు దగ్గరకు వెళ్లింది. "తప్పు నాదే అన్నా. తొందరపడ్డాను."

అతను తాళంచెవి తీసుకోలేదు. సొరుగులోంచి గీతలు గీసిన కొత్త నోటుపుస్తకం తీసి, తెరిచి, ఆమె ముందు పెట్టాడు.

"ఎప్పుడు ఇచ్చారో, ఎవరికిచ్చారో రాసి సంతకం పెట్టండమ్మా. ఇకమీదట ఎవరు తీసినా ఇంతే. మీరైనా, నేనైనా."

ఆమె రాసి సంతకం పెట్టింది. అతను ఆ రాతను వేలు పెట్టి చదువుకున్నాకే తాళంచెవి జేబులో వేసుకున్నాడు.