గొట్టం లూజు

పొగ ఎటు పోతోందో తెలియని ఇంజన్ని రత్నబాబు బుద్ధెరిగాక చూడలేదు. నందిగామలో అతని షెడ్డుకి వచ్చే ప్రతి బైకుకీ సైలెన్సర్ ఉంటుంది. పెద్దమ్మ పుల్లమ్మ ఆటోలో వేసుకొచ్చిన ఈ ముసలి పడవ మోటారుకి మాత్రం అదేదీ? పైన మూత, కింద పొడుగాటి కాలు, కాలి చివర ఫ్యాను. అంతే!

“రేపు పొద్దునకి తిరగాల్రా అబ్బాయ్. లేకపోతే మిరపకోత ముఠావాళ్లు ఇంకో పడవ మాట్టాడుకుంటారంట. ఆ పడవే గదా నా కూడు,” అంది పుల్లమ్మ.

నీళ్ల డ్రమ్ములో దించి తాడు లాగితే బుద్ధిగా తిరిగింది. చందర్లపాడు అవతల రేవుకి తీసుకెళ్లి పడవకి బిగిస్తే, నాలుగు బారలు పోకుండానే లోపలెక్కడో డబడబా కొట్టుకుని, దగ్గి, చచ్చింది. పైన కనపడే నట్లన్నీ బిగించాడు. మళ్లీ అదే. డ్రమ్ములో మంచిదై, కృష్ణలో చెడ్డదెలా అవుతుందసలు? తల ప్రాణం తోకకొచ్చింది.

గత్యంతరం లేక జగ్గయ్యపేటలో ఉన్న, పని నేర్పిన గురువు వరప్రసాదరావుకి ఫోన్ చేశాడు. తను విడిగా షెడ్డు పెట్టుకున్న దగ్గర్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. అయినా సిగ్గు చంపుకుని గోడంతా చెప్పుకున్నాడు. రేవులో సిగ్నల్ అంతంత మాత్రం. “గొట్టం... లూజు...” అని వినపడి ఫోన్ తెగింది.

“చూసావా పెద్దమ్మా! సాయమడిగితే నన్ను గొట్టం అన్నాడు. చాలనట్టు లూజు కూడా!” ఏడుపొక్కటే తక్కువ అతనికి.

పుల్లమ్మ ఊరుకుంటుందా? ఫోన్ లాక్కుని గట్టు మీదికెక్కి మళ్లీ కలిపింది. “ఏవయ్యా, పిల్లోణ్ణి పట్టుకుని అయ్యేం మాటలు?”

“వాణ్ణేమన్నానమ్మా? మోటారు కాల్లో పొగగొట్టం ఉంటది, అది లూజయిందని చెప్తన్నా! డ్రమ్ములో బరువు లేదు గనక ఊరుకుంది. పడవని నెట్టేటప్పుడు అదిరి పక్కకి జరుగుద్ది. నీళ్లలోకి పోవాల్సిన పొగ పైకొచ్చి మూతలో నిండుద్ది. దాని పొగ అదే పీల్చి చస్తంది. కాలు విప్పమను.”

విప్పాడు. గొట్టాన్ని పట్టి ఉంచే బోల్టు ఒకటి ఊడి అడుగున పడి ఉంది. ఇంకోటి వేళ్లతోనే తిరుగుతోంది. ఓరి దేవుడా, పొగ పోయే దారి ఇక్కడ దాక్కుందా! కొత్తవి వేసి బిగించాడు.

తెల్లారి మిరపకోత ఆడవాళ్లతో పడవ ఆగకుండా అవతలి గట్టుకేసి పోయింది. పుల్లమ్మ మొహం చూడాలి అప్పుడు! రత్నబాబు గట్టు మీద నిలబడి ఫోన్ ఎత్తి పట్టి, ఆ చప్పుడు గురువుకి వినిపించాడు.

“బానే ఉందిరా,” అన్నాడు వరప్రసాదరావు. “నిన్ను తిట్టాననే అనుకున్నావా?”

“అవునండి.”

“నా దగ్గరున్నన్నాళ్లూ ఎప్పుడన్నా ఆ మాటన్నానంట్రా నిన్ను?”

రత్నబాబు వెతుక్కున్నాడు. విడిగా పోతానని మొహమ్మీదే చెప్పిన రోజున కూడా ఆయన ఒక్క మాట తూలలేదు. మరి ఇన్నాళ్లూ తను ఎందుకు ఫోన్ చెయ్యలేదు? ఆయన ఏమన్నాడని?

“లైన్లో ఉన్నావా?”

“ఉన్నానండి,” అన్నాడు రత్నబాబు, ఫోన్ చెవికి ఇంకాస్త దగ్గరగా నొక్కుకుని.